లాగ్‌బుక్కులో లేని ఐదో గంట

తొమ్మిదేళ్ళుగా నేనొక మాటను మోస్తున్నాను. పెద్ద బరువేమీ కాదు, రెండు పదాలు. "గుర్తు లేదు." నెత్తి మీది మూటయితే ఎక్కడో ఒక చోట దించి, చాయ్ తాగి, మళ్ళీ ఎత్తుకోవచ్చు. దీన్ని దించే చోటు నాకు దొరకలేదు. అన్నం తినేటప్పుడు ఉంటుంది. నవ్వేటప్పుడూ ఉంటుంది. ఆ మాటకొస్తే నవ్వేటప్పుడే ఎక్కువగా ఉంటుంది. నేను నలుగురిని నవ్వించే మనిషిని. గొప్ప కోసం చెప్పడం లేదు. కేసుకు సంబంధించిన వివరం కాబట్టి చెబుతున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెబుదామని రెండు మూడుసార్లు కూర్చున్నాను. నేను గొంతు సవరించుకోగానే వాళ్ళ ముఖాల్లో నవ్వు మొదలవుతుంది. ఇంకా ఏమీ చెప్పకముందే. అలాంటి ముఖాల ముందు ఈ విషయం ఎక్కడ మొదలుపెట్టను? చివరికి ఏదో ఒక పాత ముచ్చట చెప్పి లేచి వచ్చేవాణ్ణి.

గోదావరిఖని వైపు బొగ్గు కంపెనీలో ఎలక్ట్రికల్ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. గని లోపల కాదు. కాలనీల వీధి దీపాలు, పంపుహౌసులు, క్వార్టర్లలో కాలిపోయే ఫ్యూజులు, ఇవి నా శాఖ. కార్మికుడు బొగ్గు తీసి ఇంటికొచ్చేసరికి అతని ఫ్యాను తిరుగుతూ ఉండేలా చూడడం నా పని. దేశ ప్రగతిలో నా పాత్ర అంతవరకే.

మా కాలనీ పంపుహౌసులో ఓదెలు అని ఒక ఆపరేటరు ఉండేవాడు. ముందు అండర్‌గ్రౌండ్‌లో చేసేవాడు. ఒకసారి పైకప్పు పెళ్ళ విరిగి మీద పడితే వెన్ను దెబ్బతింది. గని పైకి, సర్ఫేసు పనికి మార్చి పంపుల దగ్గర కూర్చోబెట్టారు. నాకంటే మూడు నాలుగేళ్ళు పెద్ద. నేను ఓదెలన్నా అనేవాణ్ణి, అతను సారూ అనేవాడు. తక్కువ మాట్లాడే మనిషి. పంపు చప్పుడులో ఉండి ఉండి, అవసరమైతే తప్ప గొంతు ఎత్తడం అనవసరమని అనుకున్నట్టు ఉండేవాడు.

పంపుహౌసుల్లో ఒక పద్ధతి ఉంది. పంపు ఎన్ని గంటలు తిరిగినా లాగ్‌బుక్కులో మంజూరైన గంటలే రాస్తారు. మాకు మంజూరైనవి పొద్దున రెండు, సాయంత్రం రెండు. కరెంటు పోయి మూడు గంటలే నడిచినా నాలుగని రాయాలి. మరునాడు ఆ లోటు పూడ్చడానికి ఐదు నడిచినా నాలుగే. ఓదెలు సోమవారం పొద్దున చాయ్ తాగుతూ వారానికి సరిపడా ముందే రాసేసేవాడు. నేను శనివారం అన్నింటికీ ఒకేసారి సంతకం పెట్టేవాణ్ణి. మా మధ్య మంచి సమన్వయం ఉండేది. ఇది మా ఒక్క పంపుహౌసు సంగతి కాదు. ఎవరూ తప్పనుకునేవాళ్ళు కాదు, నేనూ అనుకోలేదు. ఆ పుస్తకాన్ని ఒకనాడు ఎవరైనా నిజమని నమ్మి చదువుతారని మాకు తట్టలేదు.

కాలనీ గోడకు అవతల, ఓపెన్‌కాస్టు గని నుంచి తవ్విపోసిన మట్టి గుట్ట కింద ఒక వాడ ఉంది. నలభై ఇళ్ళుంటాయి. ఒకప్పుడు అది పెద్ద ఊరు. సగం గనిలోకి పోయింది, పోయినవాళ్ళకు పరిహారం వచ్చింది. మిగిలినవాళ్ళకు, మిగిలారు కాబట్టి, ఏమీ రాలేదు. గని లోతుకు పోయిన కొద్దీ వాళ్ళ బావులు ఎండుతూ వచ్చాయి. రోజు విడిచి రోజు నీళ్ళ ట్యాంకరు వెళ్ళాలని ఉత్తర్వు ఉంది. ఉత్తర్వు మాత్రం క్రమం తప్పకుండా వెళ్ళేది.

ఒక ఎండాకాలం ఎనిమిది రోజులు ట్యాంకరు రాలేదు. పదకొండు గంటల వేళ ఓదెలు ఫోను చేస్తే వెళ్ళాను. పంపుహౌసు ముందు ఇరవై మంది ఆడవాళ్ళు ఖాళీ బిందెలు ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. లచ్చవ్వ అనే ముసలమ్మ నన్ను చూడగానే అందుకుంది.

"కరెంటు సారువు నువ్వేనా? మా నీళ్ళన్ని మీ గనిల వడ్డయ్. గిన్ని నీళ్ళియ్యనీకి నీ సొమ్మేం పోతాంది బిడ్డా?"

నిజానికి నా సొమ్మేమీ పోవడం లేదు. కాలనీ ట్యాంకు నుంచి ఆ వాడ దాకా పాత పైపు లైను ఒకటి ఉంది. ఊరు ఊరుగా ఉన్నప్పుడు వేసింది. ఒక వాల్వు తిప్పితే చాలు. ఓదెలు ఆ వాల్వు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆ రోజు మేమిద్దరం మాట్లాడుకున్న మాటలు నేను ఒక్కటీ మరిచిపోలేదు.

"ఒక్క గంట ఎక్కువ నడిపితే వీళ్ళ బిందెలు నిండుతయ్ సారూ. ఇడువాల్నా?"

"ఇడువు."

"ఇయ్యాల్లొక్క దినమేనా?"

"వాళ్ళకు దూప ఇయ్యాల్లొక్క దినమేనా అన్నా? రోజు పగటీలి ఒక గంట ఇడువు."

"లాగ్‌బుక్కుల ఏం రాయాలె మరి?"

"ఏం రాయకు. నీళ్ళకు సదువు రాదు ఓదెలన్నా. బుక్కుల పేరు లేదని అవి అలుగయ్."

ఆడవాళ్ళు నవ్వారు. "సారు మాటలు మస్తుగ నేర్సిండు, నీళ్ళియ్యకున్నా దూప తీరెటట్టున్నది" అంది లచ్చవ్వ. ఓదెలు నవ్వలేదు. వాళ్ళు బిందెలు ఎత్తుకుని నల్లా వైపు కదిలే దాకా ఆగి, నన్ను మోటారు గదిలోకి పిలిచాడు. చప్పుడులో వినపడాలని దగ్గరకొచ్చి అడిగాడు.

"నవ్వులాటకు అంటున్నరా, నిజంగ అంటున్నరా సారూ? రేపు నా మీదికి అత్తది."

"నిజంగనే అంటున్న. నీ మీదికి అత్తె నేను లేనా?"

"గట్లయితె సరే" అన్నాడు. వెళ్ళి వాల్వు తిప్పాడు.

ఇంతే జరిగింది. నా ఉద్యోగంలో నేను ఇష్టంగా ఇచ్చిన ఆర్డరు బహుశా అదొక్కటే. మూడేళ్ళపాటు రోజూ మధ్యాహ్నం ఆ ఐదో గంట నడిచింది. పుస్తకంలో నాలుగే. ఎవరికీ ఏ నష్టమూ రాలేదు. ఆ వాడలో పెళ్ళయినా, పుట్టువెంట్రుకలయినా నాకూ ఓదెలుకూ పిలుపు వచ్చేది. వెళ్ళి తిని, నలుగురిని నవ్వించి వచ్చేవాణ్ణి. నేను మంచివాణ్ణని అనుకోవడానికి నాకు దొరికిన సాక్ష్యాల్లో అది ముఖ్యమైనది.

ఆ తర్వాత పొదుపు కాంట్రాక్టు వచ్చింది.

దాని అసలు పేరు పొడుగు, ఫైలు మీద రెండు వరుసలు పట్టేది. సంగతి మాత్రం సులువు. ప్రభుత్వ సంస్థలు పాత మోటార్లతో, పాత దీపాలతో కరెంటు వృథా చేస్తున్నాయి. మార్చడానికి చేతిలో డబ్బులుండవు. కాబట్టి కాంట్రాక్టరు తన ఖర్చుతో పాతవి తీసి కొత్తవి బిగిస్తాడు. కరెంటు ఎంత మిగిలిందో నెల నెలా కొలుస్తారు. ఆ మిగులులో పెద్ద వాటా కొన్నేళ్ళపాటు అతనికి. మిగలకపోతే అతనికేమీ రాదు. నాకు ఈ ఆలోచన నిజంగా నచ్చింది. ఇప్పటికీ నచ్చుతుంది. తప్పు ఆ పద్ధతిది కాదని ముందే చెబుతున్నాను, తర్వాత ఎక్కడైనా నేను అటు జారుకునే ప్రయత్నం చేస్తే గుర్తుపట్టండి.

ఈ పద్ధతి మొత్తం ఒక్క కొలత మీద నిలబడుతుంది. ముందు ఎంత వాడేవాళ్ళు? ముందు లెక్క తప్పయితే తర్వాత వచ్చే మిగులంతా తప్పే. ఒప్పందంలో ఒక షరతు కూడా ఉంది. పాత పంపులు ఏ పని చేసేవో కొత్తవీ అదే పని చెయ్యాలి. పని తగ్గించి మిగులు చూపించకూడదు.

మా ఏరియాలో అలాంటిది అదే మొదటిది. ఫైలు నాది. కాంట్రాక్టరు తరఫున హైదరాబాదు నుంచి ఒక మర్యాదస్తుడైన ఇంజనీరు వచ్చాడు. ఏడాది మీటరు రీడింగులు రాసుకున్నాడు. లాగ్‌బుక్కు తిరగేశాడు. పంపులు రోజుకు ఈ నాలుగు గంటలేనా సార్ అని నన్ను అడిగాడు. నిన్నటి దాకా ఎవరూ చదవని ఆ పుస్తకం అతని చేతిలో ఉంది.

ఐదని చెప్పవచ్చు. చెబితే ఏమవుతుందో నాకు లోపల లెక్క తెలుసు. కొత్త పంపులూ ఐదు గంటలు నడవాలి, మిగులు తగ్గుతుంది, కాంట్రాక్టరు ఖర్చు అన్నేళ్ళలో తిరిగి రాదు, ఫైలు వెనక్కి వస్తుంది. నాలుగని చెబితే ఐదో గంట మింగిన కరెంటు కూడా పాత పంపుల ఆకలి కింద జమ పడుతుంది. మిగులు నిండుగా కనిపిస్తుంది. అంతేనని చెప్పాను. పాత పంపులు మరీ ఎక్కువ తింటున్నాయే అని అతను ఆశ్చర్యపోయాడు. "వయసు మీద పడితే ఆకలి ఎక్కువవుతుంది లెండి" అన్నాను. అతను నవ్వి రాసుకున్నాడు.

ఆ క్షణంలో నేను నలభై ఇళ్ళ గురించి ఆలోచించానా? ఆలోచించాను. తర్వాత చూసుకోవచ్చు అనుకున్నాను. జీవితంలో నేను చేసిన చెడ్డ పనులన్నీ ఈ 'తర్వాత చూసుకోవచ్చు' అనే గదిలోనే పుట్టాయి. కోపంతో చేసినవి, ఆశతో చేసినవి చాలా తక్కువ.

కొత్త పంపులు వచ్చాయి. చక్కటివి, చప్పుడు కూడా తక్కువ. వాటితోపాటు టైమరు ఉన్న ప్యానెలు వచ్చింది. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు తనంతట తానే నడిచి ఆగిపోతుంది. మొదటి నెల మిగులు చూసి పై ఆఫీసు మెచ్చుకుంది. ఒక సభలో నాకు శాలువా కప్పి, బల్బు బొమ్మ ఉన్న జ్ఞాపిక ఇచ్చారు. మైకు కూడా ఇచ్చారు. బాగా నవ్వించానని అన్నారు. ఆ మిగులులో కొంత కొత్త పంపుల గొప్పతనమే. మిగతాది మేము నలభై ఇళ్ళ దూప నుంచి ఆదా చేసింది.

ఓదెలు నా దగ్గరకొచ్చాడు. వాడవాళ్ళు రోజూ వచ్చి అడుగుతున్నారని చెప్పాడు. ప్యానెలు మీద ఒక మీట ఉందని, దాన్ని మాన్యువల్‌కు తిప్పితే పంపు టైమరుతో పని లేకుండా నడుస్తుందని కూడా చెప్పాడు. పాత మాటేనా సారూ అని అడిగాడు. నేను తలెత్తకుండా "చూస్కో" అన్నాను.

మా ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకు ఆ మాట విలువ తెలుసు. చేయమని చెప్పినట్టూ ఉంటుంది, చెప్పనట్టూ ఉంటుంది. పని బాగుంటే చెప్పినవాడిది, బాగాలేకపోతే విన్నవాడిది. ఓదెలు చూసుకున్నాడు. మధ్యాహ్నం మీట తిప్పి, గంట నడిపి, మళ్ళీ యథాస్థానంలో పెట్టేవాడు. లాగ్‌బుక్కులో నాలుగే రాసేవాడు, ఎప్పటిలాగే.

మీటరుకు మాత్రం మా పద్ధతులు తెలియవు. నాలుగు నెలల్లో మిగులు తగ్గింది, దాంతో కాంట్రాక్టరు వాటా తగ్గింది. అతను ప్యానెలు లోపలి రికార్డు తీయించి చూశాడు. ఎవరో రోజూ గంటసేపు అనుమతి లేకుండా పంపు నడిపి, కాలనీ బయటికి నీళ్ళు మళ్ళిస్తున్నారని లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేశాడు. అతని వైపు నుంచి చూస్తే అతను అన్నది నిజమే. ఓదెలుకు ఛార్జిషీటు ఇచ్చారు. తప్పుడు లాగ్‌బుక్కు, అనధికారంగా పంపు నడపడం, కంపెనీ నీళ్ళు బయటికి ఇవ్వడం. మూడు అభియోగాలు.

ఎంక్వైరీకి వేరే ఏరియా నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. నన్ను సాక్షిగా పిలిచారు. గదిలో ఆఫీసరు, టైపు చేసే క్లర్కు, ఓదెలు తరఫున ఒక యూనియన్ నాయకుడు, ఓదెలు, నేను. ఓదెలు ఉతికిన తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. వెన్ను నొప్పి వల్ల కుర్చీలో సగం మీదే కూర్చున్నాడు. నన్ను చూసి చిన్నగా తలూపాడు. నేనొచ్చాను కదా, ఇక ఫికర్ లేదు అన్నట్టు. ఆ తల ఊపడం గురించి తర్వాత నేను చాలాసార్లు ఆలోచించాను. అనుమానపడి ఉంటే నాకు ఎంత సులువుగా ఉండేది.

ఎవరు చెబితే నీళ్ళు వదిలావని ఆఫీసరు అడిగాడు. సారే చెప్పారన్నాడు ఓదెలు. ఏమని చెప్పారు? ఓదెలు నిజాయితీగా, మాట పొల్లుపోకుండా అప్పజెప్పాడు. "నీళ్ళకు సదువు రాదు, బుక్కుల పేరు లేదని అవి అలుగయ్ అన్నరు సారు."

క్లర్కు ఫక్కున నవ్వాడు. యూనియన్ నాయకుడు తల వంచుకుని నవ్వు ఆపుకున్నాడు. ఆఫీసరు కూడా పెదవులు బిగించి నా వైపు చూశాడు. ఏమండీ, అన్నారా?

ఆ గదిలో నవ్వు ఉంది. ఆ నవ్వు నాది, నా పేరు మీద వచ్చింది. అందులో నాకొక తలుపు కనిపించింది. కాదు, అనలేదు అని అబద్ధం ఆడే పని కూడా లేదు. అన్నాను అని చెప్పాను. అనేవాణ్ణే కదా, అందరికీ తెలుసు. "సరదాకు అన్న మాట అది. ఆయన ఆర్డరు అనుకున్నట్టున్నాడు."

మళ్ళీ నవ్వారు. ఓదెలు నవ్వలేదు. నా వైపు తిరిగాడు. మోటారు గదిలో అడిగినట్టే, మెల్లగా అడిగాడు. "తర్వాత లోపల్కి పిలిసి అడిగిన గద సారూ. నవ్వులాటనా నిజమా అని."

ఆఫీసరు నన్ను చూశాడు. నేను కాసేపు ఆలోచిస్తున్నట్టు ముఖం పెట్టాను. "గుర్తు లేదు" అన్నాను.

క్లర్కు టైపు చేశాడు. రెండు పదాలు, ఎక్కువసేపు పట్టలేదు.

ఎందుకు అన్నాను? దీనికి నా దగ్గర చాలా జవాబులున్నాయి, తొమ్మిదేళ్ళలో కూడబెట్టినవి. నేను చెప్పానని ఒప్పుకుంటే, మరి ఐదో గంట సంగతి తెలిసి ముందు లెక్కలో నాలుగని ఎందుకు సంతకం పెట్టారనేది తర్వాతి ప్రశ్న. కాంట్రాక్టు మొత్తం కదిలేది. శాలువా కప్పినవాళ్ళే వివరణ అడిగేవాళ్ళు. నా ప్రమోషన్ ఆగేది. ఇవన్నీ నిజాలే. కానీ ఆ గదిలో, ఆ కుర్చీలో, ఇన్ని ఆలోచించే సమయం నాకు ఉందా? లేదనే అనుకుంటున్నాను. ముగ్గురూ నవ్వుతున్నారు, ఆ నవ్వును ఆపి, లేదు, అది నిజంగా చెప్పిన మాట అని చెప్పే అలవాటు నాకు లేదు. ఆ అలవాటు లేకపోవడాన్నే నేను ఇన్నాళ్ళూ హాస్యప్రియత్వం అనుకున్నాను. భయాన్ని భయమని ఒప్పుకునేవాడు నాకంటే నయం. నాది భయమో, స్వార్థమో, ఉత్త అలవాటో తేల్చుకోలేకపోవడం కూడా తప్పించుకునే దారే కావచ్చు.

ఎంక్వైరీ ఏడాదిన్నర సాగింది. ఆఫీసరు బదిలీ అయ్యాడు, కొత్తాయన మళ్ళీ మొదటి నుంచి చదివాడు. చివరికి పడింది చిన్న శిక్ష. ఒక ఇంక్రిమెంటు ఆపారు, హెచ్చరించారు, అంతే. ఫైలు మీద చూసి నేను ఊపిరి పీల్చుకున్నాను కూడా. పెద్దగా ఏం కాలేదులే అనుకున్నాను.

అప్పుడు నాకు తెలియనిది ఒకటుంది. తెలుసుకోవాలని అడగనిది అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది.

మా దగ్గర కార్మికుడు ఆరోగ్యం చెడి పని చేయలేనని మెడికల్ బోర్డు తేలిస్తే, అతని ఉద్యోగం బిడ్డకు వస్తుంది. కొడుక్కయినా, కూతురికయినా. బొగ్గు బెల్టులో ప్రతి ఇంటికీ తెలిసిన సంగతి ఇది. ఒకటే షరతు, రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళయినా మిగిలి ఉండాలి. ఓదెలు వెన్ను కోసం బోర్డుకు దరఖాస్తు పెట్టుకుని, పిలుపు కోసం చూస్తున్నాడు. కూతురు రజిత డిగ్రీ చదివింది. ఒక్కతే బిడ్డ. ఆ ఉద్యోగం ఆమెకు ఇప్పించి ఇంట్లో కూర్చోవాలని అతని ఆశ. ఛార్జిషీటు ఉండగా దరఖాస్తు కదలదు. ఛార్జిషీటు తేలేసరికి రెండేళ్ళ గీత దాటి నాలుగు నెలలయింది.

ఈ విషయం నాకు ఓదెలు చెప్పలేదు. ఆఫీసు క్లర్కు మాటల మధ్య చెప్పాడు. పాపం సార్, నాలుగు నెలలతో పోయింది అన్నాడు. నేను టీ తాగుతున్నాను. తాగడం పూర్తి చేశాను. ఆ వారమే వెళ్ళి నిజం రాసిచ్చి ఉంటే ఏమైనా మారేదా? తెలియదు. కనుక్కోలేదు. నేను దేన్నీ కనుక్కోని రోజులవి.

ఓదెలు మిగిలిన ఇరవై నెలలూ అదే పంపుహౌసులో చేశాడు. టైమరు చెప్పినన్ని గంటలే నడిపాడు. నేను వెళితే లేచి నిలబడేవాడు. సారూ అనే పిలుపులో ఏ తేడా రాలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి కమాన్‌పూర్ దిక్కు రెండు గదులు కిరాయికి తీసుకున్నాడు. గుట్ట కింది వాడవాళ్ళు చందాలు వేసుకుని బోరు వేయించుకున్నారు. రెండు వేసవుల్లో అది కూడా ఎండింది.

అయితే అసలు శిక్ష ఫైలులో లేదు. ఎంక్వైరీ గదిలో నవ్విన క్లర్కు బయట నలుగురికి చెప్పాడు. వాళ్ళు ఇంకో నలుగురికి. జోకును ఆర్డరనుకుని మూడేళ్ళు నీళ్ళు వదిలిన ఓదెలు. అది మా బెల్టులో ఒక కథయింది. సెంటినరీ కాలనీలో ఒక పెళ్ళిలో, ఆ జోకు నాదని తెలియని మనిషి నాకే చెప్పాడు. నేను నవ్వాను. నవ్వకపోతే అనుమానిస్తాడని నవ్వాను. నిజం చెప్పాలంటే, బాగానే చెప్పాడు. ఆ కథలో నేను చమత్కారిని, ఓదెలు తెలివితక్కువవాడు. ఆ గదిలో అందరికంటే తెలివైన ప్రశ్న అడిగింది అతనొక్కడే. నవ్వులాటనా, నిజమా.

పోయిన వానాకాలం ఓదెలు చనిపోయాడు. దినానికి వెళ్ళాను. టెంటు కింద కూర్చున్న ముసలివాళ్ళలో ఒకరు ఆ కథే మొదలుపెట్టారు. ప్రేమగానే. పోయినవాడి మంచితనం చెప్పడానికి. మావోడు గంత అమాయకుడు అని. అందరూ తడి కళ్ళతో నవ్వారు. విస్తర్లు వేస్తున్న రజిత ఆగి విన్నది. ఆమె ముఖం నేను చూడలేదు. చూడగలిగేంత దగ్గరలోనే కూర్చున్నాను.

రజిత ఇప్పుడు దవాఖానలో కాంట్రాక్టరు కింద వార్డులు ఊడ్చే పని చేస్తోంది. నెలకొకసారి బీపీ మందులకు వెళ్ళినప్పుడు కనిపిస్తుంది. నన్ను చూస్తే చీపురు పక్కన పెట్టి, వరుసలో ఉన్నవాళ్ళను జరిపి నాకు బెంచీ మీద చోటు చూపిస్తుంది. కూసోండ్రి సార్ అంటుంది. నేను కూర్చుంటాను. అలా ఎన్నో నెలలు కూర్చున్నాను.

మొన్నటి నెల మాత్రం పక్కనే నిలబడింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. సూపర్‌వైజరు మళ్ళీ ఆ కథ చెప్పి అందరినీ నవ్వించాడట.

"మా నాయినకు నవ్వులాటేందో నిజమేందో ఎరుక లేదంటరా సార్?"

నిందగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. ఆ ప్రశ్న అడగడానికి ఈ భూమ్మీద మిగిలిన మనిషిని నేనొక్కడినే. అప్పుడే కిటికీలో నా పేరు పిలిచారు. లేచి మందులు తీసుకున్నాను. తిరిగి వచ్చేసరికి ఆమె వార్డులోకి వెళ్ళిపోయింది. ఆగి ఉండొచ్చు. ఆగలేదు. బయట ఎండలో స్కూటరు దగ్గర చాలాసేపు నిలబడ్డాను, తాళం చెవి చేతిలోనే పెట్టుకుని జేబులన్నీ వెతుకుతూ.

ఆ రోజు నుంచి ఇది రాస్తున్నాను. ఎన్నిసార్లు మొదలుపెట్టినా మూడో వాక్యానికి ఒక చమత్కారం వచ్చి కూర్చునేది. కొన్నింటిని కొట్టేశాను. కొన్ని ఉండిపోయాయి, మీరు చూశారు. నా చెయ్యి అలా తిరిగిపోయింది.

దీనివల్ల ఎవరికీ ఏమీ రాదని తెలుసు. రజితకు ఉద్యోగం రాదు. ఆ నౌకరీకి వయసు దాటిపోయింది, ఈసారి అడిగి కనుక్కున్నాను. నలభై ఇళ్ళకు నీళ్ళు రావు. ఓదెలు వినడు. ఆమె దగ్గరకు వెళ్ళి నోటితో చెప్పగలనని మాట ఇవ్వను, నా మాటల చరిత్ర మీకు తెలుసు కదా. క్షమించమని అడగడం కూడా ఆమె మీద ఇంకో పని వేయడమే. ఊడ్చే వార్డులు ఆమెకు చాలినన్ని ఉన్నాయి.

నా పేరు రాయలేదు. కింద రాద్దామనుకుని పెన్ను ఆపాను. ఇక్కడ కూడా దాక్కుంటున్నానని అనుకుంటారు. నిజమే. కానీ ఆ జోకు ఉన్నది ఉన్నట్టు రాశాను. నస్పూర్ నుంచి కమాన్‌పూర్ దాకా దాన్ని వినని మనిషి తక్కువ. చదివినవాళ్ళకు అది ఎవరిదో తెలుస్తుంది. దవాఖాన బెంచీ మీద ఎవరో ఒకరు చదువుతారు, ఎవరో ఒకరు ఆమెకు చూపిస్తారు. అలా చూపిస్తారని తెలిసే రాశాను. నాలాంటివాడు పెట్టగలిగిన సంతకం ఇదే.

ఇది రాస్తుంటే చాలా ఏళ్ళ తర్వాత చెయ్యి తేలికగా ఉంది. అందుకు సిగ్గుగా కూడా ఉంది.

ఆ రోజు మోటారు గదిలో ఓదెలన్న అడిగాడు. నేను నిజంగానే చెబుతున్నానని అన్నాను. అతని మీదికి వస్తే నేను ఉంటానని కూడా అన్నాను. అతను సరిగ్గానే విన్నాడు, సరిగ్గానే అర్థం చేసుకున్నాడు. నాకు గుర్తుంది.